అల్లిక సూది లావున

శుక్రవారం సాయంత్రం బంగాళాదుంపల కోసం నేలమాళిగలోకి దిగిన యోరున్‌కి బట్టలుతికే గదిలోంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. వెళ్ళి లైటు వేసి చూసింది. గోడవారగా ఉన్న ఇత్తడి కుళాయి నుంచి సన్నటి ధార తెగకుండా పారుతోంది. ఎవరో సగం కట్టి వదిలేశారు. ఎవరో అనుకోవడం మాటవరసకే, ఎవరో ఆమెకి తెలుసు.

అది నాలుగు వాటాల చెక్క ఇల్లు. మేడ మీద యోరున్ ఒక వాటాలో, ఎదురుగా జుట్టు కత్తిరించే దుకాణం నడిపే సోల్వి ఇంకో వాటాలో ఉంటారు. కింద ముసలాయన ఎంబ్రెట్ ఉంటాడు. ఆయన పక్కనున్న నాలుగో వాటాలోకి కిందటి వేసవిలో ప్రేబెన్ అద్దెకు దిగాడు. ఊరి చర్చిలో ఆర్గన్ వాయించడానికి డెన్మార్క్ నుంచి వచ్చిన మనిషి. డెన్మార్క్‌లో కొండల్లేవు, చెప్పుకోదగ్గ చలి లేదు. అక్కడివాళ్ళ మాట వింటే నోట్లో ఉడుకు బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుందని ఈ లోయలో అందరూ నవ్వుకుంటారు. ఆ నవ్వులో యోరున్ గొంతు కూడా ఉండేది. పైగా ఇంటి వ్యవహారాలన్నీ చూసే పెద్ద ఆమే కాబట్టి, ఆమె నవ్వితే మిగతావాళ్ళకి అనుమతి దొరికినట్టే.

"బూట్లు కడుక్కోవడం వచ్చుగానీ కుళాయి కట్టడం రాదు ఈ దొరకి," అని గొణుక్కుంది.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కూడా చలి ముదిరితే కుళాయిని ఇలాగే సన్నగా వదిలేవాడు. పారే నీరు గడ్డకట్టదు, నిలిచిన నీరే కడుతుంది. ఆ లోయలో పుట్టినవాళ్ళకి ఉగ్గుపాలతో అబ్బే తెలివి అది. కానీ ఆమె కోపం అప్పటికే తయారై కూర్చుంది. తెలివి చెప్పులేసుకునే లోపు కోపం ఊరంతా తిరిగొస్తుంది.

ఊలు గ్లౌజు ఇత్తడి మీద జారింది. కుడిచేతిది ఊడబీకి పైపు వెనక సందులో పెట్టి, వట్టి చేత్తో బిగించింది. ధార ఆగింది. అయినా తృప్తి తీరక ఇంకో సగం తిప్పు తిప్పింది. తర్వాత బంగాళాదుంపల బుట్ట రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కింది. వంటింటి కిటికీ బయట థర్మామీటరు ముప్పై ఒకటి చూపిస్తోంది. ఆ ఊళ్ళో చలికాలం ఎవరూ మైనస్ అనరు, ముప్పై అంటే ముప్పయ్యే. మైనస్ ముప్పై అన్నవాడు పరాయివాడని ఇట్టే తెలిసిపోతుంది. ప్రేబెన్ రోజూ అనేవాడు.

ఆ రాత్రి యోరున్ ఉప్పుచేప, బంగాళాదుంపలు తిని, నీళ్ళ వృథా అరికట్టిన మనిషి పడుకునేలా హాయిగా పడుకుంది.

శనివారం పొద్దున కాఫీకి నీళ్ళు పట్టబోతే కుళాయి ఒక్కసారి దగ్గి ఊరుకుంది.

యోరున్ కుళాయిని మూసి మళ్ళీ తిప్పింది. స్నానాల గదిలోకి వెళ్ళి అక్కడా తిప్పి చూసింది. ఎక్కడా చుక్క లేదు. అప్పుడు ఆమెకి నిన్నటి ఇత్తడి కుళాయి, దాన్ని సగం తిప్పు ఎక్కువే బిగించిన తన చెయ్యి గుర్తొచ్చాయి. ఎవరూ చూడకుండా కిందకి వెళ్ళి కుళాయి వదిలేసి వస్తే సరిపోతుందేమోనన్న ఆలోచన ముందు వచ్చింది. శాలువా కప్పుకుని గబగబా దిగింది.

ఆమె దిగేసరికి ఎంబ్రెట్ అక్కడే ఉన్నాడు. మోకాలు చూపించుకోవడానికి రెండు రోజుల కిందట కూతురి ఊరు వెళ్ళినవాడు పొద్దుటి రైల్లో దిగి, కోటయినా విప్పకుండా చేతికర్ర పక్కన పెట్టి, పైపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. వెనకాల సోల్వి తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. సబ్బు నురగ చెవి మీదకి కారుతోంది.

"తలంటు మధ్యలో ఉండగా నీళ్ళు ఆగిపోయాయి. పది గంటలకి నాకో పెళ్ళికూతురు ఉంది పెద్దాయనా! ఈ మొహంతో వెళ్ళి ఆ పిల్ల జుట్టు నేనెలా చుట్టను?" అంటోంది సోల్వి.

"గడ్డకట్టింది," అన్నాడు ఎంబ్రెట్. అరచెయ్యి పైపు వెంబడే నడిపించాడు. కుళాయి దగ్గరికొచ్చి చూశాడు. "కట్టేసి ఉంది. ఎంత బిగించారో చూడు. నేను ఊరెళుతూ ఆ డెన్మార్కు ఆయనకి ఒక్కటే ఒక్క పని చెప్పాను. పాతిక దాటితే కుళాయి అల్లిక సూది లావున వదిలిపెట్టయ్యా, తెల్లారేదాకా ముట్టుకోకూ అన్నాను. తలూపాడు. రెండుసార్లు ఊపాడు."

యోరున్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

అంటే అది మరుపు కాదు, మర్యాదగా చెప్పినమాట విని చేసిన పని. ఆ పరాయివాడు చలిలో దిగొచ్చి, ధార లావు కొలిచి వదిలి వెళ్ళాడు. ఈ లోయలో పుట్టి పెరిగిన తను వచ్చి కట్టేసింది. మొహంలోకి వేడి జివ్వున ఎక్కింది.

చెప్పడానికి అదే సమయం. నాలుగు మాటలు చాలు: నేనే కట్టాను, పొరపాటయింది. నవ్వేవాళ్ళు నవ్వుకుంటారు. కానీ సోల్వి ఆమె వైపు తిరిగి, "చూశావా యోరున్? నువ్వు మొదటే అన్నావు, వీడికి చలి సంగతి ఏం తెలుసని!" అంది. నిజమే, ఆ మాట తను అంది. ఒకసారి కాదు, ఆరేడుసార్లు అంది. యోరున్ శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఎంబ్రెట్ వేడిగాలి హీటరు తెచ్చి పైపు వైపు తిప్పాడు. ముందు మెయిన్ వాల్వు కట్టాలి, తర్వాతే కరిగించాలి. ఆ సంగతి యోరున్‌కి బాగా తెలుసు. మంచు పైపుని ఎక్కడ చీల్చిందో కరిగేదాకా బయటపడదు. మంచే బిరడాలా అడ్డం ఉంటుంది. అది కాస్తా కరిగితే వీధిలోని నీళ్ళన్నీ ఇంట్లోకే. చలికాలం మొదట్లో అందరికీ ఆ జాగ్రత్తలు చెప్పేది ఆమే. ఎంబ్రెట్‌కీ తెలుసు, కానీ ప్రయాణం అలసటలో, కోపంలో మరిచాడు. యోరున్ నోరు తెరిచింది. వాల్వు అన్న మాట తెస్తే కుళాయి అన్న మాటా వస్తుందేమో, అందరూ తన మొహంలోకి చూస్తారేమోనని మళ్ళీ మూసుకుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

అప్పుడే ప్రేబెన్ దిగొచ్చాడు. పొడుగాటి మనిషి. దూలం తగలకుండా తల వంచుకుని, "నీళ్ళు రావడం లేదండీ. బయట మైనస్ ముప్పై..." అంటుండగా పైపు పగిలింది.

ఠప్పుమని ఓ చప్పుడు, వెంటనే బుస్సుమని ఇంకోటి. జానెడు పొడుగున చీలిన పైపులోంచి నీళ్ళు పలకలా లేచి ఎదుటి గోడని కొట్టాయి. అక్కడ చెక్క తడిక అవతల ఎంబ్రెట్ సామాను గది ఉంది. అందులో ఆయన భార్య రాగ్నా మగ్గం ఉంది.

"మగ్గం!" అని అరిచాడు ఎంబ్రెట్. "మగ్గం రా!"

అందరూ ఒకేసారి పరుగెత్తారు. సోల్వి తలమీది తువ్వాలు లాగి చీలిక మీద వేసి అదిమింది, అది ఆమె చేతుల్లోంచి ఎగిరిపోయింది. ప్రేబెన్ నీళ్ళకి ఎదురు వెళ్ళి వీపు అడ్డం పెట్టాడు. "వాల్వు ఎక్కడ?" అని అరిచాడు.

వాల్వు యోరున్ జాము సీసాల అలమర వెనకాల ఉంది. దాని పైన గోడకి, వాల్వు ముందు ఏ సామానూ పెట్టరాదని ఆమె చేతిరాతతోనే ఒక కాగితం అంటించి ఉంది. యోరున్ సీసాలు లాగి నేల మీద పెట్టసాగింది. రెండు పెట్టాక ఇక ఆగక మోచేత్తో అన్నీ తోసేసింది. సీసాలు పగిలి, శరదృతువంతా చిత్తడి నేలల్లో నడుం వంచి ఏరిన పసుపు పళ్ళ జాము నీళ్ళల్లో కలిసింది. వాల్వు చక్రం ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పక పట్టేసింది. ఆమె రెండు చేతులా వేలాడింది, కదల్లేదు. ప్రేబెన్ నీళ్ళల్లోంచి వచ్చి తన చేతులు ఆమె చేతుల మీద వేసి తిప్పాడు. మంచుముక్కల్లా ఉన్నాయి ఆ చేతులు. చక్రం మూలిగి, కదిలి, తిరిగింది. పలకలా లేచిన నీరు వంగి, కుంగి, గోడవెంట కారి ఆగింది.

"ఎవరూ కదలకండి," అంది యోరున్. ఆ గొంతు మాత్రం ఇంటిపెద్ద గొంతే. "నేల మీద కరెంటు తీగ ఉంది. సోల్వీ, పైకెళ్ళి ఫ్యూజు పెట్టెలో నేలమాళిగది తీసెయ్యి. తర్వాత అన్ని వాటాల్లో కుళాయిలు తిప్పి ఉంచు, పైపుల్లో మిగిలింది దిగిపోతుంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

లైటు పోయింది. చిన్న కిటికీలోంచి వచ్చే మంచు వెలుగులో ఎంబ్రెట్ మగ్గం ముందు నిలబడ్డాడు. దాని మీద గుడ్డపేలికల తివాచీ ఒకటి సగం నేసి ఉంది. రాగ్నా కిందటేడు మార్చిలో ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు; వెళుతూ ఎక్కడ ఆపిందో అక్కడే ఉంది, పేక కండెతో సహా. పాత చొక్కాల రంగు కారి తెల్లటి పడుగు నీలంగా మారింది.

ఆయన తిరిగి చూశాడు. నీళ్ళోడుతూ నిలబడ్డ ప్రేబెన్‌ని చూశాడు.

"ఒక్క పని చెప్పాను నీకు."

"వదిలానండీ. మీరు చెప్పినట్టే, అల్లిక సూది లావున," అన్నాడు ప్రేబెన్.

"మరి కట్టేసి ఉందే!"

ప్రేబెన్ కుళాయి వైపు చూశాడు. కుళాయి కింద మడమ లోతున నిలిచిన నీళ్ళని చూశాడు. వంగి అందులోంచి ఏదో తీసి, పిండి, జేబులో పెట్టుకున్నాడు. గుడ్డపేలిక అనుకుంది యోరున్.

"నేను వదిలాను," అని మాత్రం మళ్ళీ అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

మెట్ల మీంచి సోల్వి గొంతు వినిపించింది. "అయితే దెయ్యం కట్టిందేమో! మీ డెన్మార్కు నుంచి వెంట తెచ్చుకున్న దెయ్యం!"

ఎవరూ నవ్వలేదు. యోరున్ వంగి గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టింది. ఏరినంతసేపూ తల ఎత్తక్కర్లేదు కదా.

మధ్యాహ్నం ప్లంబరు వచ్చి చీలిన ముక్క కోసి కొత్తది అతికి వెళ్ళాడు. ఆ లోయలో అలాంటి చలిరోజు ఇంకా ఎన్నో పైపులు పగులుతాయి, అతను ఏ ఇంట్లోనూ కాఫీకి కూర్చోడు. మిగిలిన పని ఇంటివాళ్ళది. అందరి పని అందరూ కలిసి చెయ్యాల్సిందే, రానివాడి పేరు చెడ్డపేరుగా ఏడాదంతా నలుగుతుంది. ఆదివారం నలుగురూ బకెట్లు, పీచు చీపుళ్ళు పట్టుకుని దిగారు. చర్చిలో ప్రార్థన అయిపోగానే ప్రేబెన్ నల్ల సూటు మార్చుకుని వచ్చాడు. వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. చివరి కీర్తనలో రెండుచోట్ల తప్పు వాయించాడని సోల్వి చర్చి మెట్ల మీదే అందరికీ చెప్పేసింది.

"తడిసిన చేతులు కదా పాపం," అంది యోరున్.

"పాపమా? ఆయన పాపాన ఆయనే తడిశాడు. నీ మంచితనం తగలెయ్య," అంది సోల్వి.

పెళ్ళికూతురి జుట్టు సంగతి, నురగ గడ్డకట్టిన తన జుట్టు సంగతి చెబుతూ సోల్వి ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది. ఆమె అంతే. నోరు ఎంత కత్తో చెయ్యి అంత ధారాళం. ప్రేబెన్ బరువులన్నీ తనే మోశాడు. ఎంబ్రెట్ ఒక్కడే అతన్ని మగ్గం ముట్టుకోనివ్వలేదు. "నువ్వు అటు ఉండు," అన్నాడు. ముసలాయన, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి మగ్గాన్ని కట్టెకి కట్టె విప్పి, మెట్ల మీదుగా ఆయన వాటాలోకి చేర్చారు. ప్రేబెన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళు దాటుతుంటే దారి వదిలాడు. యోరున్‌కి ఆ తలుపు దాటడం ఆ రోజు అన్నిటికంటే కష్టమైన పని.

పేలికల తివాచీని కత్తిరించి తీయాల్సి వచ్చింది. కత్తెర ఎంబ్రెట్ పట్టుకోలేకపోతే యోరునే పడుగు కోసింది. బయట తీగ మీద ఆరేస్తే అది కాసేపట్లోనే పలకలా బిగిసింది. ఎంబ్రెట్ దాని ముందు నిలబడి వేలితో ఒక్కో చార చూపించాడు.

"ఇది నా పని చొక్కా. ఇది సోల్వి కిటికీ తెర. ఈ ఎర్రది నీ లంగా, గుర్తుందా? నువ్వు పారేస్తానంటే నీ చేతిలోంచి లాక్కుంది."

"గుర్తుంది."

"ఇంటివాళ్ళందరూ ఇందులో ఉన్నారు." ముసలాయన ముక్కు తుడుచుకున్నాడు. "నువ్వు ఉన్నావు కాబట్టి సరిపోయిందమ్మా నిన్న. వాల్వు కట్టకపోతే ఇదీ దక్కేది కాదు."

"ఎంబ్రెట్..." అంది యోరున్.

"ఊఁ?"

చూశాడాయన. కళ్ళనిండా నమ్మకం.

"చలిగా ఉంది, లోపలికి పద," అంది.

"రేపు మీటింగులో నేను వద్దనే అంటాను. చెబుతున్నాను ముందే," అన్నాడు ఎంబ్రెట్ నడుస్తూ. ప్రేబెన్ ఆ వాటాని కొనుక్కుని ఉండిపోతానని అడిగి నెల అయింది. ఆ ఇంట్లో కొత్తవాళ్ళు శాశ్వతంగా చేరాలంటే ఉన్నవాళ్ళు సరేననాలి. మొన్నటిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. "చెప్పిన ఒక్క మాట నిలబెట్టలేనివాడు నా గోడ అవతల నాకొద్దు. తప్పు చేస్తే చేశానని ఒప్పుకోవాలి. అబద్ధం ఆడాడు చూడు, అది నాకు కాలింది."

సాయంత్రం బయటికి వెళదామని గ్లౌజుల కోసం సొరుగు తీస్తే ఎడమచేతిది ఒక్కటే ఉంది. యోరున్ సొరుగంతా కింద కుమ్మరించింది. కోటు జేబులు చూసింది. తర్వాత మంచం అంచున కూర్చుంది. నలుపు తెలుపు ఎనిమిది రేకల పువ్వు, మణికట్టు దగ్గర ఆమె పేరులోని మొదటి అక్షరం. రాగ్నా ఈ ఇంట్లో అందరికీ అల్లి ఇచ్చింది. కుళాయి దగ్గర విప్పింది, పైపు వెనక పెట్టింది. ప్రేబెన్ వంగి తీసి పిండింది గుడ్డపేలిక కాదు.

అతనికి నిన్నటి నుంచి తెలుసు. తెలిసే బకెట్లు మోశాడు. తెలిసే తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

తల కొట్టేసినట్టయింది యోరున్‌కి.

సోమవారం మీటింగు యోరున్ వంటింట్లోనే. వాఫిల్స్ పిండి కలిపి పెట్టి, బొగ్గులబుట్ట నెపంతో ఆమె ముందుగా మెట్లు దిగింది. ప్రేబెన్ తన తలుపు తాళం వేస్తున్నాడు. మెడకి మఫ్లరు చక్కగా చుట్టుకుని, పెళ్ళిచూపులకి వెళుతున్నవాడిలా ఉన్నాడు.

"నా గ్లౌజు మీ దగ్గరుంది," అంది యోరున్.

"ఉంది." జేబులోంచి తీశాడు. ఆరబెట్టి, సాపుగా సాగదీసి, మడిచి పెట్టాడు. "రెండుసార్లు మీ తలుపు దాకా వచ్చానండీ. గడపమీద పెడితే సోల్వి గారు చూస్తారేమోనని వెనక్కి తెచ్చాను."

"ఎందుకు చూపించలేదు వాళ్ళకి?"

ప్రేబెన్ మఫ్లరు కొస సవరించుకున్నాడు. "నేను ఈ ఇంట్లో ఉండాలనుకుంటున్నాను. ఇంటిపెద్దని తలదించుకునేలా చేసి లోపలికి వస్తే, ఆ ఉండడం ఏం ఉండడమండీ?"

"చూపించకపోతే అసలు ఉండనివ్వరు."

"అదీ నిజమే," అన్నాడు. నవ్వబోయి ఊరుకున్నాడు. గ్లౌజు ఆమె ముందుకి చాచాడు. పైన సోల్వి తలుపు చప్పుడైంది, చెప్పులు టకటకలాడుతూ మెట్ల వైపు వస్తున్నాయి. యోరున్ చెయ్యి చాచలేకపోయింది. అతను గ్లౌజుని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు, ఇద్దరిదీ ఏదో దొంగసొత్తు అయినట్టు.

బల్ల మీద వాఫిల్స్, గోధుమరంగు చీజు, కాఫీ పెట్టింది. ఎంబ్రెట్ తినలేదు. కాఫీ మాత్రం సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. ప్రేబెన్ తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ అక్కడ కూర్చోమనలేదు, కానీ మిగతా కుర్చీల్లో ఎవరో ఒకరి చెయ్యో సంచీయో ఉంది.

"మొదలుపెట్టు యోరున్. నాకు దుకాణం ఉంది," అంది సోల్వి.

"మొదలుపెట్టక్కర్లేదు. నేను వద్దంటాను," అన్నాడు ఎంబ్రెట్.

"నేనూ అంతే. మొహం మీదే చెబుతున్నా, ఏమనుకోకండి ప్రేబెన్ గారూ. మీరు ఆర్గన్ బాగానే వాయిస్తారు. కానీ ఇక్కడ చలికాలం అంటే ఆర్గన్ కాదు."

ఇద్దరూ యోరున్ వైపు చూశారు. ఆమె కాఫీ కెటిల్ పొయ్యి మీద పెట్టి, చేతులు ఏప్రనుకి తుడుచుకుని నిలబడే అంది.

"కుళాయి కట్టింది నేను."

సోల్వి పెద్దగా నిట్టూర్చింది.

"ఇదిగో, ఇదే నీతో వచ్చిన చిక్కు! దారిన పోయే కుక్క కాలికి ముల్లు గుచ్చుకుంటే నేనే గుచ్చానంటావు."

"నిజంగా నేనే సోల్వీ. శుక్రవారం బంగాళాదుంపలకి దిగాను. ఆయన మరిచిపోయి వదిలేశారనుకుని బిగించాను."

"నువ్వా? ముప్పై ఒకటిలో పారే కుళాయి కట్టడానికి నీకేమైనా పిచ్చా? మీ నాన్న ఈ ఊరికంతటికీ చెప్పేవాడు కదే ఆ సంగతి!"

ఎంబ్రెట్ సాసరు కింద పెట్టాడు. ఆయన మొహం మెత్తబడింది. చేతికర్ర మీంచి వంగి యోరున్ చెయ్యి పట్టుకున్నాడు.

"నీ మనసు నాకు తెలుసమ్మా. ఆయన మీద జాలిపడుతున్నావు. రాగ్నా కూడా ఇంతే, పిల్లి పాలు తాగితే తనే ఒలకబోశానని చెప్పేది. కానీ ఇది పాలు కాదు."

యోరున్ ఆ ముసలి చేతిని చూసింది. మూడు రోజులుగా నిజం చెప్పలేక చచ్చింది. చెబితే ఇంకా మంచిదానివంటున్నారు. అబద్ధాన్ని నమ్మినంత తేలిగ్గా నిజాన్ని ఎవరూ నమ్మరని తెలుసుగానీ, తన మంచిపేరే తన నోరు నొక్కుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇక్కడితో ఆగిపోవచ్చు. చెప్పాను, నమ్మలేదు, నేనేం చెయ్యను అని జీవితాంతం సమాధానపడొచ్చు. దారి ఎంత సులువుగా ఉందో చూసి ఆమెకి భయం వేసింది. తన మీద తనకే సిగ్గేసింది.

ప్రేబెన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అతని చెయ్యి కోటు జేబు మీద, పైనుంచి అదిమిపట్టుకుని ఉంది. తియ్యడని ఆమెకి అర్థమైంది. తను అడగకపోతే ఎప్పటికీ తియ్యడు.

"ప్రేబెన్ గారూ, అది బల్ల మీద పెట్టండి," అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"పెట్టండి. నాకోసం పెట్టండి."

ప్రేబెన్ లేచి వచ్చి, వాఫిల్స్ పళ్ళేన్ని కొంచెం జరిపి, గ్లౌజుని బల్ల మీద పెట్టాడు. మంచి గ్లౌజు. నీళ్ళల్లో నానినందుకు కొద్దిగా ముడుచుకుంది. మణికట్టు దగ్గర ఆమె అక్షరం స్పష్టంగా ఉంది.

"ఎక్కడ దొరికింది?" అంది సోల్వి. అడిగేటప్పటికే ఆమె గొంతులో కత్తి లేదు.

"కుళాయి కింద, నీళ్ళల్లో," అన్నాడు ప్రేబెన్.

"జారుతోందని విప్పాను. విప్పి మరీ బిగించాను," అంది యోరున్. "హీటరు పెట్టేటప్పుడు వాల్వు కట్టమని చెప్పాలనీ తెలుసు. అదీ చెప్పలేదు. నోరు తెరిస్తే బయటపడతానని. మగ్గం తడిసింది అందుకే."

ఎంబ్రెట్ ఆమె చెయ్యి వదిలేశాడు. విసిరికొట్టలేదు, ఊరికే వదిలేశాడు. గ్లౌజుని తీసుకుని బొటనవేలి దగ్గర తిప్పి చూశాడు. అక్కడ చిరిగితే వేరే రంగు ఊలుతో అల్లిన మాసిక ఉంది.

"ఇది ఆసుపత్రికి వెళ్ళే వారం కుట్టింది," అన్నాడు. ఎవరితోనూ కాదు. తల ఎత్తి ప్రేబెన్‌ని చూశాడు. "ఎంత లావున వదిలావు?"

"అల్లిక సూది లావున."

"ఏ సూది?"

"నాకు తెలియక, ముందు సూది కొనుక్కొచ్చి పక్కన పట్టుకుని చూశానండీ," అన్నాడు ప్రేబెన్ సిగ్గుపడుతూ. "దుకాణంలో అడిగితే, మూడో నంబరు అందరూ వాడతారన్నారు."

సోల్వి చేత్తో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. మెల్లగా తన పక్క కుర్చీలోంచి సంచీ తీసి నేల మీద పెట్టింది.

"మూడో నంబరు. రాగ్నాది కూడా అదే," అన్నాడు ఎంబ్రెట్. "ఇటొచ్చి కూర్చో. కాఫీ చల్లారిపోతోంది." ప్రేబెన్ వచ్చి సోల్వి పక్కన కూర్చున్నాడు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "నేను సరేనంటాను. రాసుకో యోరున్."

"నేనూ," అంది సోల్వి. "క్షమించండి ప్రేబెన్ గారూ. నా నోరు మంచిది కాదు." యోరున్ వైపు మాత్రం చూడలేదు.

యోరున్ రాసింది.

లేచేటప్పుడు ఎంబ్రెట్ కిటికీ బయట థర్మామీటరు చూశాడు. "ఇరవై ఎనిమిది. రాత్రికి ఇంకా దిగుతుంది. కుళాయి వదలాలి."

"నేను వెళతాను," అంది యోరున్ వెంటనే.

"వద్దు," అన్నాడు ఎంబ్రెట్. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "అతను వదులుతాడు. నువ్వు పక్కన నిలబడి చూడు."

గ్లౌజు కోసం ఆమె బల్ల వైపు చెయ్యి చాచబోయింది. అది అక్కడ లేదు. ముసలాయన తన స్వెటరు లోపల పెట్టుకుంటున్నాడు.

"ఇది నా దగ్గర ఉంటుంది," అని, చేతికర్ర ఊనుకుంటూ వెళ్ళిపోయాడు.

ప్రేబెన్ మెట్ల దగ్గర ఆగి ఆమె కోసం ఎదురుచూశాడు. యోరున్ ఎడమచేతికి గ్లౌజు తొడుక్కుంది. కుడిచెయ్యి అలాగే వదిలేసి, మంచులా చల్లబడ్డ ఇనుప కడ్డీ పట్టుకుని అతని వెనకాలే నేలమాళిగలోకి దిగింది.